కొల్లేటి చాంతాడూ అలంకారమే!

తెలుగు పరీక్ష దగ్గర పడిందంటే మన పల్లెల్లో అరుగుల మీద పిల్లలు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అంటూ గుక్క తిప్పుకోకుండా వల్లె వేయడం పాఠకులకు కొత్త కాదు. ఉదాహరణ చెప్పమంటే ఆమె ముఖం చంద్రబింబంలా వుందంటారు. ఏలూరు బడిలో అడిగినా, తాడేపల్లిగూడెం బడిలో అడిగినా అదే ముఖం, అదే చంద్రబింబం. మార్కులు పడతాయి. పరీక్ష అయిన మర్నాటికి అంతా మరచిపోతారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఇంట్లో పెద్దల నోట రోజూ దొర్లే మాటలకే ఈ పేర్లన్నీ వున్నాయని వారికి చెప్పేవారు తక్కువయ్యారు.

కొల్లేటి చాంతాడు సంగతే చూడండి. కొల్లేరు ముఖం చూడని తెలుగువాడు కూడా పొడుగాటి జాబితా కనబడితే కొల్లేటి చాంతాడులా వుందంటాడు. మన ప్రాంతం తెలుగు భాషకు ఇచ్చిన ఉపమానం అది. 'అప్పుల చిట్టా కొల్లేటి చాంతాడులా పొడుగ్గా వుంది' అన్నామనుకోండి. చిట్టా ఉపమేయం, చాంతాడు ఉపమానం, పొడుగు సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ వున్నాయి కనుక పూర్ణోపమ. 'పొడుగ్గా' తీసేసినా వినేవాడికి అర్థమవుతుంది. అప్పుడది లుప్తోపమ. ఇంతకంటే పాఠం ఏం కావాలి?

అయితే చాంతాడంటే ఏమిటని ఎనిమిదో తరగతి కుర్రవాణ్ణి అడిగి చూడండి. నూతిలోంచి చేదతో నీళ్ళు తోడే తాడని చెప్పగలిగేవారు ఎందరో! కొల్లేటి గ్రామాల్లో ఇప్పుడు తాగేనీరు టిన్నుల్లో వస్తోంది. తాడు పోయాక పోలిక ఎన్నాళ్ళు నిలుస్తుంది? మాష్టార్లు అలంకారంతో బాటు ఆ తాడు కథ కూడా చెప్పవలసి వుంది.

ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గుంపుగా వాలితే, ఇనుముకు పత్తి కాసిందేమో అనిపిస్తుంది. ఆ 'ఏమో'లో వున్నది ఉత్ప్రేక్ష. మా చెరువులో చేప మనిషెత్తు పెరిగిందని పందెం కాసేవాడిది అతిశయోక్తి. ఎన్నికల్లో మైకు పట్టుకుని తిరిగే ఆటోలో అంత్యానుప్రాస లేని నినాదమే వుండదు.

ఇదంతా మార్కుల కోసమేనా అని కొందరు అడగవచ్చు. కాదు. రూపకం సంగతి తెలియకపోతే పెద్దవాళ్ళం కూడా మోసపోతాం. ఉపమలో 'లా' వుంటుంది కనుక అది పోలికేనని తెలుస్తుంది. రూపకంలో ఆ 'లా' వుండదు. రెండింటినీ ఒకటే చేసి చెబుతారు.

1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రాంసార్ జాబితాలో చేరిన కొల్లేటిలో 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ పనికి 'ఆపరేషన్ కొల్లేరు' అని పేరు పెట్టారు. ఆపరేషన్ అంటే మన ఊళ్ళో ఆస్పత్రి మాటే. కొల్లేరు రోగి, గట్టు కంతి, ప్రభుత్వం డాక్టరు అన్నమాట. డాక్టరు కోస్తానంటే కాదనేదెవరు? అటు చెరువులవారు మా పొట్ట కొట్టారన్నారు. దీన్ని బడిలో జాతీయమంటారు కాని లోపల వున్నది పోలికే. (గట్టు కొట్టడం, పొట్ట కొట్టడం, ప్రాస కూడా కుదిరింది.) గట్లు కొట్టడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. దానికి నీటి లెక్కలు, భూమి లెక్కలు కావాలి. రెండు పోలికలు మాత్రం ఆ లెక్కలకు అడ్డం నిలబడ్డాయి.

బుడమేరుదీ అదే వరస. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన ఆ ఏటిని 'బెజవాడ దుఃఖదాయని' అని పత్రికలు రాస్తుంటాయి. ఏటికి ఒకరిని ఏడిపించాలన్న బుద్ధి వుంటుందా? గండ్లు పడ్డాయి, నీరు పోయే దారి ఇరుకైంది. ఏటినే దోషిని చేస్తే మనుషులు తప్పుకుంటారు. మాటలో పోలిక ఎంత, నిజం ఎంత అని విడదీయడం నేర్చిన పిల్ల రేపు గ్రామసభలో లేచి ప్రశ్న అడగగలదు.

ఛందస్సు పేరు చెబితే పిల్లలకు జ్వరం. ఉత్పలమాలకు భరనభభరవ అని ఠక్కున చెప్పే పిల్లవాడు, ఏలూరు ఏ గణమంటే తెల్లబోతాడు. ఏ, లూ దీర్ఘాలు కనుక గురువులు, రు లఘువు. అది తగణం. కొల్లేరులో 'కొ' పొట్టిదే అయినా పక్కన 'ల్లే' ద్విత్వం వుంది కనుక గురువవుతుంది. కనుక కొల్లేరూ తగణమే. తాడేపల్లిగూడెం మగణం, యగణం. 2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరే జిల్లా అయి, గూడెం పశ్చిమగోదావరిలో వుండిపోయింది కాని, గురులఘువులకు జిల్లాల సరిహద్దు లేదు.

ఇంకో చిత్రం. భీమడోలు, కైకలూరు, ఆకివీడు, ఉప్పుటేరు, తమ్మిలేరు, ఈ అయిదింటి తూకం ఒకటే. ఒక్కొక్క పేరులో గురువు, లఘువు, గురువు, లఘువు. అంటే ఒక్కొక్కటీ రెండేసి సూర్యగణాలు. వేమన ఎక్కువగా వాడిన ఆటవెలదికి కావలసిన గణాలలో ఇవి వున్నాయి. ఇంద్రగణం కావాలంటే బుడమేరు సిద్ధంగా వుంది, అది సలం. మన మ్యాపు నిండా పద్యానికి సామాను పడి వుండగా, పిల్లలు యమాతారాజభానసలగం అని గాలిలో లెక్క పెట్టుకుంటున్నారు.

సిలబస్ పూర్తి చేయడానికే టైము చాలడం లేదని తెలుగు మాష్టార్లు అనవచ్చు. అదీ నిజమే. కాని దీనికి ప్రత్యేకం పీరియడ్ అక్కరలేదు. బస్సు మీది బోర్డు చాలు, అమ్మమ్మ తిట్టిన తిట్టు చాలు. ఎవరి ఊరి మాటలు వారు పదేసి రాసుకు రమ్మంటే తరగతికి సరిపడా ఉదాహరణలు వస్తాయి.

విద్యాశాఖాధికారులకు ఒక్క మనవి. సొంత ఉదాహరణ రాస్తే మార్కు పడుతుందో లేదోనన్న భయంతోనే పిల్లలు చంద్రబింబాన్ని వదలడం లేదు. లక్షణం సరిపోయినప్పుడు చాంతాడుకైనా, గూడబాతుకైనా పూర్తి మార్కు ఇవ్వాలని పేపర్లు దిద్దేవారికి ఒక సర్క్యులర్ పంపితే, ఈ సంవత్సరం పరీక్షలకే అది అందుకుంటుంది.