మందుల పేర్లును, మందుల పనియును

మన పాఠశాలలో చదువు ముగించుకొని వెళ్లిన బాలబాలికలలో ఏటేట కొందరు నర్సింగు విద్యకును, కొందరు ఔషధవిద్యలోని డిప్లొమాకును చేరుచున్నారు. సూర్యాపేటలో 2019వ సంవత్సరమున ప్రభుత్వ వైద్య కళాశాల తెరువబడిన పిమ్మట, ఇటు కోదాడయందును అటు మిర్యాలగూడయందును ఇట్టి చదువులపై కోరిక హెచ్చినట్లు నాకు తోచుచున్నది. వీరిలో కొందరు సెలవులకు ఇల్లు చేరినప్పుడు పుస్తకములు పట్టుకొని నన్ను చూడవత్తురు. వారినందరిని సమానముగా భయపెట్టు పాఠ్యాంశ మొక్కటే. అది ఫార్మకాలజీ, అనగా మందుల గుణములను, అవి దేహమునందు చేయు పనిని తెలుపు శాస్త్రము. వారి నోటుపుస్తకము తెరచి చూచినచో నిలువుగా ఒక గీత. గీతకు ఎడమవైపున మందు పేరు, కుడివైపున రోగము పేరు. పారాసిటమాల్, జ్వరము. ఆమ్లోడిపిన్, రక్తపోటు. మెట్‌ఫార్మిన్, మధుమేహము. ఇట్లు పుటలకు పుటలు. తెల్లవారుజామున లేచి దీనిని వల్లె వేయుదురు. ఈ పద్ధతి పరీక్షకు కొంతయు, రోగికి అంతకంటె తక్కువయు ఉపకరించునని నా అభిప్రాయము.

కంఠస్థము చేయుటను నేను నిందించుటలేదు. ఎక్కములు నోటికి రానివాడు లెక్క చేయలేడు. మోతాదులు నోటికి వచ్చి తీరవలెను. పారాసిటమాల్ పిల్లలకైనచో బరువులో కిలో ఒక్కింటికి 10 మొదలు 15 మిల్లీగ్రాములవరకు ఒక్కొక్క వేళకు. పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు మించరాదు. మించెనేని కాలేయము చెడును. ఇది ఊహించి చెప్పదగినది కాదు, జ్ఞాపకముంచుకొనవలసినదే. అయినను ఇక్కడనే మరియొక సంగతి యున్నది. అంగడిలో ఈ మందునకు క్రోసిన్ అని యొక పేరు, డోలో అని వేరొక పేరు. జలుబు మాత్రలలో అనేకములందు ఇదియే కలిసి యుండును. జ్వరమునకొకటి, జలుబునకొకటి అని రెండును మ్రింగినవాడు ఒకే మందును రెండింతలుగా మ్రింగుచున్నాడు. కంపెనీ పేరును మాత్రమే ఎరిగినవానికి ఇది కనబడదు. అసలు పేరును చదువు అలవాటు మొదట పడవలెను.

పేరు చదువుట వచ్చిన పిదప పేరు చివరను చూడవలెను. మందులకును ఇంటిపేర్లున్నవి, మనకువలె ముందుగాక వెనుక నుండును. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ ఒక కుటుంబము. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒకటి. లోసార్టన్, టెల్మిసార్టన్ ఇంకొకటి. కుటుంబము తెలిసెనా, పదింటికి బదులు ఒక్కటి చదివిన చాలును. అయితే అక్షరములు పైపైన చూచి బంధుత్వము కలుపరాదు. ‘అజోల్’ అని ముగియువానిని చూడుడు. ఒమెప్రజోల్ కడుపులోని ఆమ్లమును తగ్గించును. ఫ్లూకొనజోల్ బూజుజాతి సూక్ష్మజీవులను అణచును. మెట్రోనిడజోల్ అమీబాలపైనను, గాలి లేనిచోట బ్రతుకు బాక్టీరియాపైనను పనిచేయును. ఆల్బెండజోల్ నులిపురుగుల మందు. నలుగురును నాలుగు గృహములవారు. పరీక్షకుడు పిల్లలను పడవేయదలచినచో ఈ గోతినే త్రవ్వును.

ఆల్బెండజోల్ ను ఎరుగని విద్యార్థి ఈ పత్రికను చదువువారిలో ఉండడు. 2015లో మొదలై పిదప దేశమంతట వ్యాపించిన నులిపురుగుల నిర్మూలన దినమున బడిలో నమలించు 400 మిల్లీగ్రాముల మాత్ర అదియే. ఆ మాత్ర పురుగును కొట్టి చంపదు. పురుగు దేహకణములలో సన్నని నాళికలవంటి నిర్మాణములుండును, వానిని కట్టుకొననీయదు. దానితో పురుగు చక్కెరను పీల్చుకొనజాలక పస్తుండి చచ్చును. ఈ యొక్క సంగతి వినిన పిల్లవాడు ఆ మందును ఎన్నడైన మరచునా? ‘ఆల్బెండజోల్, పురుగులు’ అని నూరుసార్లు వ్రాసినవాడు పరీక్ష ముగిసిన మరునాడే మరచును.

పని తెలిసిన చోట దోషములును వాటంతట అవే తెలియును. గుండె వేగమును తగ్గించు ప్రొప్రనొలాల్ ఉబ్బసము గలవారికి ఏల ఈయరాదు? అడ్రినలిన్ యొక్క ఆజ్ఞను గుండెయొద్ద అడ్డగించు మందు, శ్వాసనాళములను విప్పియుంచు ఆజ్ఞను సైతము అడ్డగించును గనుక. ఎనలాప్రిల్ వాడువారిలో కొందరికి పొడి దగ్గు ఏల పట్టును? ఆ మందు ఆపివేయు ఎంజైము రక్తపోటును పెంచు పదార్థమును పుట్టించుటయే గాక, బ్రాడీకైనిన్ అను మరియొక పదార్థమును విరుగగొట్టుచుండును; ఎంజైము ఆగినప్పుడు అది పేరుకొని దగ్గు పుట్టించును. సార్టన్ కుటుంబమువారు ఆ ఎంజైము జోలికి పోరు. కావున దగ్గు వచ్చినవారికి వైద్యుడు తరచుగా వానిని మార్చి వ్రాయును. ఇందులో బట్టీ పట్టవలసినది ఎంత? కథను అర్థము చేసికొనవలసినది ఎంత?

నల్లగొండ సీమవారికి మరింత దగ్గరి ఉదాహరణము నొప్పి మాత్ర. మన పాత జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలును కీళ్లును చెడినవారిని మనము చిన్ననాటినుండి చూచినవారమే. పొలములో వంగి నాటువేయువారికి నడుము నొప్పి, బియ్యపు మిల్లులలో బస్తాలు మోయువారికి మోకాళ్ల నొప్పి. అందరికిని డైక్లోఫెనాక్ గోలియే గతి. ఇట్టి మందులు నొప్పిని పుట్టించు ప్రోస్టాగ్లాండిన్లను దేహము తయారుచేయకుండ ఆపునని జాన్ వేన్ 1971లో ఆస్పిరిన్ విషయమున చూపెను. 1982లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము వచ్చినది. కాని ఆ ప్రోస్టాగ్లాండిన్లే కడుపులోపలి పొరను కాపాడును, మూత్రపిండములకు రక్తము సరిగా పారునట్లు చూచును. నొప్పిని ఆపినప్పుడు ఈ కాపుదలయు ఆగును. దినదినము, నెలల తరబడి, వైద్యుని అడుగక మ్రింగినవారికి పుండ్లును మూత్రపిండముల వ్యాధియు ఏల వచ్చునో ఇక వేరుగా చెప్పవలెనా? మన దేశమున రాబందులు కనుమరుగగుటకు ముఖ్యకారణమును ఇదే మందు. దానిని పొడిపించిన పశువుల కళేబరములను తిని వాని మూత్రపిండములు చెడినవి. 2006లో పశువులకు వాడుటను నిషేధించిరి.

ఇక మనవాని మాట. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డులోను పిదప లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసి 1948లో గతించిరి. లెడర్లీలో ఆయన నడిపిన పరిశోధకబృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజిన్ ను ఇచ్చినది. ఫోలిక్ ఆమ్లమువలె కనబడి కణములను మోసగించు పదార్థములను సృష్టించినదియు ఆ బృందమే. వానిలో ఒకటియగు అమినోప్టెరిన్ ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు పట్టిన పిల్లలకిచ్చి, 1948లో ఫలితములు ప్రకటించెను. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. నేడు క్యాన్సరునకే గాక, తక్కువ మోతాదులో కీళ్లవాతమునకును దీనిని వాడుచున్నారు. ఒక కవలవంటి పదార్థము కణమును ఆపుచుండ, నిజమైన ఫోలిక్ ఆమ్లమును వేరొక దినమున ఇచ్చి దేహమును కాపాడుదురు.

కీళ్లవాతమునకు మెథోట్రెక్సేట్ ను వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలెను. దినదినము వేసికొన్నచో ఎముకలలోని మూలుగ రక్తకణములను పుట్టించుట మానివేయును. ప్రాణము పోయిన సందర్భములు లోకమున అనేకములు. ప్రశ్నపత్రములో దీనికి వచ్చునది ఒక మార్కో, రెండు మార్కులో. కాని చీటిపై ఆంగ్లములో వ్రాసిన మాట వృద్ధురాలికి అర్థము కాకపోయెనా, మార్కులతో పోవునది కాదు. తెలుగువాడు నడిపిన ప్రయోగశాలలో పుట్టిన మందును వాడు విధము తెలుగులో చెప్పువాడు లేకపోవుట నాకు మిక్కిలి కష్టముగా నున్నది.

ఇదియే నా ముఖ్యాభిప్రాయము. ఫార్మకాలజీ చదువువారు ప్రతి మందునకును గీతకు కుడివైపున రోగము పేరునకు మారుగా, రోగితో పలుకవలసిన వాక్యమును తెలుగులో వ్రాసికొనవలెను. ‘అవ్వా, ఈ గోలి వారానికి ఒక్కటే, మీ ఊరి అంగడి దినమున వేసుకో, కడమ దినాలు ముట్టకు.’ ‘తాతా, ఈ గ్యాసు గోలి తిన్న తరువాత కాదు, తినుటకు అరగంట ముందు.’ ‘అన్నా, బి.పి. తగ్గినదని గోలి ఆపకు. గోలి వేసుకొనుటచేతనే తగ్గినది.’ వైద్యుల చీట్లపై ఓడి, బిడి, టిడిఎస్ అని యుండును. లాటిను మాటల ముక్కలవి, దినమునకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అని అర్థము. ఎస్ఓఎస్ అనగా అవసరమైనప్పుడే అని. వీనిని విడమరచి చెప్పుటయు ఔషధశాలలో కూర్చుండువాని పనియే.

మందుల పేర్లకు కూడ తెలుగు కల్పింపవలెనని నేననను. అట్టి యత్నము చేయువారిపై గౌరవమున్నను, పారాసిటమాల్ కు సంస్కృత సమాసము కట్టినచో రోగికిని వైద్యునికిని ఇద్దరికిని తెలియకపోవును. పేరు ఉన్నట్లే యుండనిండు. పని తెలుగులో చెప్పుడు.

పరీక్ష ఆంగ్లములోనే గదా, కాలము చాలదు గదా, అని విద్యార్థులందురు. నిజమే. కాని తన మాటలో ఒకమారు చెప్పగలిగినవాడు ఆంగ్లములో వ్రాయుటకు ఎక్కువ శ్రమపడడు. అర్థము కాని ఆంగ్లమును మోయుటకే కాలము పట్టును. ఇంటిలో తల్లికో, పక్కింటి పెద్దయ్యకో దినమునకు ఐదు మందుల సంగతి చెప్పి చూడుడు. వారు అడుగు ఎదురు ప్రశ్నకు జవాబు రానిచోట మీ చదువు ఆగినదని తెలియును.

తల్లిదండ్రులతో ఒక్క మనవి. కుమార్తె ఏడాది ఔషధవిద్య చదివినదని ఆమెను ఇంటి వైద్యురాలిని చేయవలదు. జలుబు చేసిన ప్రతివారికిని అమాక్సిసిల్లిన్ తెమ్మని పంపకుడు. అది బాక్టీరియా చుట్టు గోడను కట్టుకొననీయక చంపును. జలుబు పుట్టించు వైరసునకు ఆ గోడయే లేదు. కొన్ని గట్టి యాంటిబయాటిక్కులను షెడ్యూల్ హెచ్1 లో చేర్చి, వైద్యుని చీటి చూచి, ప్రత్యేక పుస్తకములో వ్రాసికొనిగాని అమ్మరాదని 2014 మార్చి 1 నుండి నియమమున్నది. ‘మాకు తెలిసినవారే గదా’ అని బలవంతపెట్టినచో దుకాణములో నిలిచిన మీ బిడ్డయే ఇరుకున పడును.

మన పాఠశాలలో నులిపురుగుల మాత్ర లిచ్చు దినమున వరుస కట్టించుటకును, హాజరు వ్రాయుటకును ఒక పూట గడచుచున్నది. అందులో పది నిమిషములు తీసికొని, పురుగు ఎట్లు పస్తుండునో తొమ్మిదవ తరగతివారిచేతనే ఆరవ తరగతివారికి చెప్పింపుడని తోడి ఉపాధ్యాయులను కోరుచున్నాను.