చదువుతుంటే బొమ్మ కనిపిస్తోందా?

ఈ వాక్యం చదివి ఒక్క క్షణం కళ్లు మూసుకోండి. మే నెల మధ్యాహ్నం, బనగానపల్లె శివారులో నాపరాళ్ల గని, పక్కనే తెల్లటి దుమ్ము పట్టిన వేపచెట్టు, దాని కింద మామిడికాయల గంప ముందేసుకుని కూర్చున్న ఒక ముసలమ్మ.

ఆమె చీర ఏ రంగు?

నేనైతే రంగు చెప్పలేదు. అయినా మీలో చాలామంది తడుముకోకుండా ఎరుపనో, నీలమనో అంటారు. కొందరికి మసకమసకగా ఏదో కదులుతుంది. ఇంకొందరికి ఏమీ కనిపించదు. ముసలమ్మ ఉందని తెలుసు, అంతే. నేను ఈ మూడో రకం. "కళ్లకు కట్టినట్టు రాశాడు" అని జనం అంటుంటే అదేదో మాటవరసకు అంటున్నారని ఇంజినీరింగ్ చదివే రోజుల దాకా అనుకున్నా. నా రూమ్మేట్‌కి కథ చదువుతుంటే నిజంగానే సినిమా ఆడుతుందని తెలిసిన రోజు, నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్లుకున్నా.

ఈ తేడాను మొదట పట్టుకున్నది ఫ్రాన్సిస్ గాల్టన్. 1880లో ఆయన పలువురిని, ఆ ఉదయం తాము కూర్చున్న టిఫిన్ బల్లను మనసులో చూసి వర్ణించమన్నాడు. కొందరు సైంటిస్టులు అసలు బొమ్మే రావడం లేదన్నారు. 1973లో డేవిడ్ మార్క్స్ దీన్ని కొలవడానికి 16 ప్రశ్నల పరీక్ష తయారుచేశాడు. బొమ్మ అసలు రాని స్థితికి 'అఫాంటసియా' అని పేరు పడింది మాత్రం 2015లోనే. ఆ పేరు పెట్టింది ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన ఆడమ్ జెమన్ బృందం. ఇది జబ్బు కాదు. పిక్సార్ సహ వ్యవస్థాపకుడు ఎడ్ క్యాట్‌మల్‌కీ ఇదే ఉంది. ప్రపంచానికి యానిమేషన్ సినిమాలు చూపించిన మనిషికి తన తలలో బొమ్మ రాదు!

మరి ఇప్పుడెందుకు ఈ గొడవ అంటారా? 2024 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ 'సోరా'ను చూపించింది. నాలుగు ముక్కలు టైప్ చేస్తే వీడియో తయారు. ఆ తర్వాత అలాంటివి ఇంకా వచ్చాయి. ఇన్నాళ్లూ చదివేవాడి తలలో జరిగిన పనిని ఇప్పుడు ఫోన్ చేసిపెడుతోంది. నాలాంటోడికి ఇది వరమే కదా అనుకున్నా మొదట్లో. కానీ బనగానపల్లె వాళ్లకు ఇందులోని మెలిక ఎప్పుడో అనుభవంలోకి వచ్చింది. ఊరి దగ్గర నవాబుల కాలం నాటి బంగ్లా ఒకటి ఉంది. 2009లో 'అరుంధతి' సినిమా వచ్చాక దాని పేరే 'అరుంధతి బంగ్లా' అయిపోయింది. అంతకుముందు నవాబు బంగ్లా కథ వింటే ఒక్కొక్కరికి ఒక్కో నవాబు కనిపించి ఉంటాడు. సినిమా చూశాక నవాబు పోయి జేజెమ్మ, పశుపతి మాత్రమే మిగిలారు. ఒకసారి తెర మీద చూసిన బొమ్మను చెరిపేసి సొంతంగా ఇంకోటి గీసుకోవడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది.

అదే ఊరి దగ్గరి రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని నమ్మకం. దానికి తెర లేదు, మాటలే. అందుకే ప్రతి తరమూ ఆ మాటల్లో తన కాలపు బొమ్మను చూసుకుంటూ వస్తోంది. నమ్మకాల సంగతి అలా ఉంచండి. చెప్పేవాడు ఖాళీ వదిలితే వినేవాడి బుర్ర ఎంత పని చేస్తుందో చూడండి.

ఇప్పుడు మీ పరీక్షల దగ్గరికి వద్దాం. బొమ్మ ఊహించుకుంటూ చదివితే చదివింది మెరుగ్గా గుర్తుండొచ్చు. 1976లో మైకేల్ ప్రెస్లీ ఎనిమిదేళ్ల పిల్లలకు కథ చదువుతూ బొమ్మ ఊహించుకోవడం నేర్పిస్తే, వాళ్లకు కథ మెరుగ్గా గుర్తుంది. అయితే ఇందులో ఒక గుంట ఉంది. పైన గంపలో మీకు పసుపుపచ్చటి బంగినపల్లి పండ్లు కనిపించాయా? నేను రాసింది 'కాయలు'. (మా వైపు పండును కూడా కాయే అంటాం సార్ అనకండి, పరీక్ష హాల్లో ఆ వాదన నడవదు.) 2017లో జీఐ గుర్తింపు తెచ్చుకున్నంత పేరున్న పండు కాబట్టి ఊరి పేరు చూడగానే మీ బుర్ర ఆ రంగు పూసేసింది. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో తప్పు ఆప్షన్లు చాలావరకు ఇలాగే పుడతాయి. ప్యాసేజీలో లేనిది, మీ తలలో ఉన్నది, చూడటానికి నిజంలా ఉన్నది.

బొమ్మ రానివాళ్ల చిక్కు వేరు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ప్రచురించిన ప్రయోగంలో భయం పుట్టించే కథలు చీకటి గదిలో చదివించి, చర్మం స్పందనను కొలిచారు. అఫాంటసియా ఉన్నవాళ్లలో దాదాపు చలనమే లేదు. అదే భయపెట్టే ఫొటోలు చూపిస్తే అందరిలాగే స్పందించారు. అంటే మనసు రాయి కాదు, మాట నుంచి బొమ్మకు వెళ్లే దారే లేదు. కాబట్టి "కథలు నాకు ఎక్కవు, నాకు చదువే రాదు" అని తీర్మానించుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాస్త ఆగండి. నేను కథను ఎవరు, ఎందుకు, ఆ తర్వాత ఏమైంది అనే వరుసతో పట్టుకుంటాను. సీటింగ్ అరేంజ్‌మెంట్ లెక్క వస్తే తలలో తిప్పకుండా వెంటనే కాగితం మీద గీస్తా. ఉద్యోగంలోనూ అంతే. క్లయింట్ పంపిన రిక్వైర్‌మెంట్ చదవగానే ముందు నాలుగు డబ్బాలు గీస్తా. స్క్రీన్ మొత్తం 'కనిపించేసింది' అన్న కొలీగ్, క్లయింట్ అడగని బటన్ ఒకటి పెట్టేశాడోసారి.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి యాప్ అక్కర్లేదు. కేతు విశ్వనాథరెడ్డి కథ ఒకటి తీసుకోండి. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, లైబ్రరీలో అడిగి చూడండి. ఇద్దరు ఫ్రెండ్స్ విడివిడిగా చదివి, తలలో ఏం కనిపించిందో చెరో కాగితం మీద రాసుకోండి. తర్వాత కథను మళ్లీ తెరిచి, రాసినవాటిలో రచయిత చెప్పనివి ఎన్నో ఎర్ర పెన్నుతో గీత కొట్టండి. నా కాగితం మీద గీతలు తక్కువే పడ్డాయి, రాసిందే మూడు లైన్లు కాబట్టి. మా రూమ్మేట్ కాగితం మాత్రం సగం ఎర్రబడింది.