మనల్ని మనమే నిలదీసుకుందాం

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూర్‌లో మరో ఘోరం. ఈసారి శాస్త్రి పట్టుబట్టి కుర్చీ దిగారు. వంతెన కట్టింది ఆయన కాదు, రైలు నడిపిందీ ఆయన కాదు.

తప్పించుకునే దారి ఉండీ తప్పించుకోకపోవడమే శీలం అంటాం మేము. పరీక్ష హాల్లో చిట్టీ దొరికిన విద్యార్థికైనా, ఫైలు కింద కవరు కనబడ్డ ఉద్యోగికైనా ఎవరూ చూడని ఆ క్షణమే అసలు పరీక్ష. అక్కడ ఓడినవాడు రేపు మంత్రిని ఏ నోటితో నిలదీస్తాడు? ప్రశ్నించే గొంతుకు బలం మైకుతో రాదు, శుభ్రమైన చేతులతోనే వస్తుంది.