పది మీటర్లు నడిస్తే కూలి దొరుకుతుందా?

సాగర్ ఎడమ కాలువ కింద కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లోనూ, మూసీ నీళ్లు పారే సూర్యాపేట చుట్టుపట్లా నాట్ల కాలం వస్తే ఆడకూలీలు గుంపులు కట్టి ఎకరాల లెక్కన పని గుత్తకు పట్టుకుంటారు. వచ్చిన పైసలు అందరూ సమానంగా పంచుకుంటారు. సమానత్వం మంచిదే. కాని ఆ పంపకానికి ఒక షరతు వుంది. అందరి నడుములూ అందరి కాళ్లూ ఒక్క తీరుగ పనిచేయాలి. ఒక్కరు వెనకబడితే గుంపు మొత్తానికి కూలి పడిపోతుంది. అటువంటి గుంపులో ఒక అక్కకు నరాల జబ్బు వచ్చి, ఆస్పత్రిలో ప్రాణం దక్కి ఇంటికి వచ్చిందనుకుందాం. ఆమె మళ్లీ ఎప్పుడు మడిలో దిగుతుంది? అందాకా ఆ యిల్లు ఎట్ల గడుస్తుంది?

నేను చెప్పేది గిలియన్ బారీ జబ్బు సంగతి. జీబీఎస్ అంటున్నారు. 2025 జనవరిలో పుణెలో పాడైన నీళ్ల వల్ల వందల మంది దీని బారినపడ్డప్పుడు పత్రికల్లో పేరు మారుమోగింది. ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో ఒక మహిళ చనిపోయింది. పేరు మనకు కొత్తగాని జబ్బు కొత్తది కాదు. 1916లోనే ఫ్రెంచి డాక్టర్లు యుద్ధ సైనికుల్లో గుర్తించి రాశారు. విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గుతుంది. ఆ క్రిములను చంపడానికి లేచిన ఒంటి రక్షణ బలగం దారితప్పి సొంత నరాల మీదనే పడుతుంది. బావి మోటారు తీగకు పైతొడుగు ఒలిచేస్తే కరెంటు ఎట్ల పోతుందో అట్లనే కాళ్లకు ఆజ్ఞ అందకుండా పోతుంది. పక్షవాతం సాధారణంగా ఒక పక్కకు వస్తుంది. ఇది రెండు పాదాల్లో తిమ్మిరిగా మొదలై పైకి పాకుతుంది. ఛాతీ దాకా పాకితే శ్వాస ఆడదు. నలుగురైదుగురిలో ఒకరికి కృత్రిమ శ్వాస పెట్టవలసి వస్తుంది. గాలి సోకిందని మంత్రగాని దగ్గరకు, పసరు వైద్యానికి తిప్పితే విలువైన రోజులు పోతాయి. ఇమ్యునోగ్లోబులిన్ సూదులుగాని రక్తంలోని ప్లాస్మా మార్పిడిగాని మొదటి రెండు వారాల్లో మొదలైతేనే మేలు.

ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందని వైద్యుల లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్గొండ జిల్లా జనం దాదాపు 35 లక్షలు. అంటే ఏటా 35 నుంచి 70 మంది. పెద్ద సంఖ్య కాదని అధికారులు అనవచ్చు. మనకు మాత్రం అన్ని కుటుంబాల పొయ్యి సంగతి అది.

వైద్యులు యీ జబ్బు తీవ్రతను కొలవడానికి 1978 నుంచి ఒక కొలబద్ద వాడుతున్నారు. మనిషి ఆసరా లేకుండా పది మీటర్లు నడవగలిగితే సగానికి పైగా గట్టెక్కినట్టే దాని ప్రకారం. ఆరు నెలలయ్యేసరికి అయిదుగురిలో నలుగురు ఆ మాత్రం నడుస్తారు. సంతోషమే. కాని ఆ పది మీటర్లు ఆస్పత్రి వరండాలో. మన అక్క నడవవలసింది జానెడు ఒడ్డు మీద. దిగవలసింది పిక్కల దాకా దిగబడే బురదలో. మడిలోంచి పాదం పైకి లాగాలంటే చీలమండ బలం కావాలి. జబ్బు ముందుగ పట్టుకునేదీ, చాలామందిలో చివరిదాకా వదలనిదీ అక్కడనే. నారు నాటాలంటే వేళ్లకు పట్టు వుండాలి. నడుం వంచి పొద్దంతా నిలవాలి. కాలు తిరిగి వచ్చినా అలసట ఏళ్ల తరబడి వుంటుంది. దానికి ఎక్సురే లేదు, పరీక్ష లేదు. అందుకే మేస్త్రి దాన్ని ఒళ్లు బద్ధకం అంటాడు. ఇంట్లో అత్త కూడా అంటుంది, ఏం చేస్తాం. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తా మోసే హమాలీకి వచ్చినా యిదే కథ.

ప్రభుత్వం ఏం చేస్తున్నది? 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. అది ఆస్పత్రి మంచం దాకా వచ్చే కార్డు. ఇంటికి వచ్చినాక మొదలయ్యే అసలు పోరాటానికి, అంటే నెలల తరబడి కాళ్లకు చేతులకు చేయించే వ్యాయామానికి, పోయిన కూలికి అది జవాబు కాదు. ఇ.ఎస్.ఐ. వున్న ఫ్యాక్టరీ కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజులదాకా కూలిలో 70 శాతం అందుతుంది. కార్మికులు కొట్లాడి సాధించుకున్న హక్కు అది. పొలంలో పనిచేసే కూలికి ఒక్క రోజుది కూడా లేదు. దేశానికి బియ్యం పెట్టే చేతులు కార్మికుల చేతులు కావా?

వికలాంగుల పెన్షను 2023లో 4,016 రూపాయలైంది. అదే ఏడాది ఎన్నికల్లో కాంగ్రెసు 6,000 యిస్తామన్నది. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే అక్కడ 2024 నుంచే 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000. ఒకే నరం, ఒకే జబ్బు, సరిహద్దు రాయికి అటొక ధర, యిటొక ధర! సొమ్ము కంటె పెద్ద చిక్కు మరొకటి. మొత్తం ఏర్పాటు శాశ్వత వికలాంగుణ్ణి దృష్టిలో పెట్టుకుని చేసిందే. కోలుకుంటున్న మనిషి అందులో యిమడదు. ఆమె మంచిగ లేదు, పనికి పోలేదు. రేపు బాగుపడవచ్చు గనుక యివాళ ఆకలితో వుండమంటే ఎట్ల?

మన కోరిక గొంతెమ్మ కోరిక కాదు. కోలుకునే కాలమంతా కూలి భృతి యివ్వాలి. వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపీ చేసే మనిషి మండల ఆస్పత్రికి రావాలి. బస్సెక్కలేని వాణ్ణి హైదరాబాదు రమ్మంటే ఎట్ల వస్తాడు?

సంఘం చేయవలసిన పనీ వుంది. గుంపులో ఆమె పేరు కొట్టేయకుండా చూడాలి. నారు కట్టలు అందించడం, పిల్లలను చూడటం లాంటి పని యిచ్చి సగం పాలైనా దక్కేటట్టు గుంపులోనే మాట్లాడాలి. సులువుగ ఒప్పుకోరు. అందరివీ ఖాళీ కడుపులే. భారం ఆడవాళ్ల మీదనే వేసి ప్రభుత్వాన్ని వదిలెయ్యమని కాదు నేననేది.

కాగితం సంగతి మరవవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, మారే అవకాశమున్న వైకల్యానికి గడువు రాసి తాత్కాలిక సర్టిఫికెట్ యివ్వవచ్చు. నయమవుతుంది పొమ్మని కౌంటరు దగ్గర తిప్పి పంపితే వెనక్కి రావద్దు. డిశ్చార్జి కాగితం, నరాల పరీక్ష రిపోర్టు నకళ్లు పట్టుకుని సోమవారం ప్రజావాణికి పోవాలి. సూర్యాపేట, కోదాడ వాళ్లు సూర్యాపేట కలెక్టరాఫీసుకు, మిర్యాలగూడ వాళ్లు నల్గొండకు. ఒక్కరు కాదు, గుంపు మొత్తం పోవాలి. దరఖాస్తు యిచ్చి రసీదు తీసుకోవాలి.