పని పంచండి, గడువు పెంచకండి

మగ్గం ఆడే ఇంట్లో పని పంపకం ఎలా ఉండాలో ప్రొద్దుటూరు నేత కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. చుట్టిన కండెలు నిల్వ ఉంటే ఆ పనిని ఒక పూట ఆపవచ్చు. పడుగు సిద్ధం కాకుంటే మాత్రం మగ్గమే నిలిచిపోతుంది. అందుకే చేతులు చాలని రోజున కండెలు చుట్టేవారూ పడుగు దగ్గరికి వస్తారు. ఒకరి నడుం విరగదు, చీర అనుకున్న నాటికే దిగుతుంది.

పెద్ద నిర్మాణాలకూ ఇదే న్యాయం. 1957 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ఇటువంటి లెక్కకు శ్రీకారం చుట్టింది. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ముందు తేల్చుకోవాలి. ఆ పనికి మనుషులను తగ్గించరాదు. వ్యవధి ఉన్న పనులనే కాస్త వెనక్కు జరిపి, అక్కడివారిని ఇక్కడికి సర్దాలి.

జమ్మలమడుగు ప్రాంతంలో పెన్నపై కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. కట్ట లేచిన తర్వాత కూడా నిండా నీరు నిలపడానికి ఏళ్ళు పట్టింది. అడ్డుపడినది రాయీ సిమెంటూ కాదు, ముంపు గ్రామాల పునరావాసం. 2020 వానలకు నీటిమట్టం పెరిగినప్పుడు తాళ్ళప్రొద్దుటూరులో జనం ఇళ్ళలో ఉండగానే నీరు ఊళ్ళోకి వచ్చింది. అంటే ఆ పథకానికి పడుగు పునరావాసమే!

ఇళ్ళకు విలువ కట్టడం, స్థలాలు కొలవడం, జాబితాలు రాయడం కొద్దిమంది సర్వేయర్లు, రెవిన్యూ సిబ్బంది చేయవలసిన పనులు. వారికి రోజువారీ విధులు ఎలాగూ ఉంటాయి. ఒకే మనిషి నెత్తిన నాలుగు పనులు పెట్టి తొందరపెడితే జాబితాలో తప్పులు దొర్లుతాయి. వాటిని దిద్దడానికి పట్టే కాలం, తొందరవల్ల మిగిలిన కాలాన్ని మింగేస్తుంది. చివరి నెలలో కొత్తవారిని దింపినా ఊరూ వాడా తెలుసుకునేసరికి గడువు తీరిపోతుంది.

పులివెందుల వైపు నీరు ఎత్తిపోసే పథకాలకూ గండికోటే ఆధారం. కనుక ఇకముందు ఏ పథకానికైనా టెండర్లు పిలవకముందే ఎవరిపై ఎన్ని రోజుల పని పడుతుందో కాగితంపై పెట్టాలి. భారం ఎక్కువైన చోటికి, తీరిక ఉన్న చోటినుండి సిబ్బందిని మొదటి నెలలోనే పంపాలి. ఇందుకు కావలసింది అదనపు నిధులు కాదు, కాస్త ముందుచూపు. ఆ ముందుచూపు కొరవడితే మూల్యం చెల్లించేది కాంట్రాక్టరూ కాదు, అధికారీ కాదు. గుమ్మంలోకి నీరు వచ్చిన ఇల్లాలు, కాలువ వైపు చూస్తూ కూర్చున్న రైతు.