పెట్టెలో ఆవకాయ సరే... అమ్మ ఆరోగ్యం సంగతో?

అమ్మాయికి నెలలు నిండుతున్నాయంటే అమ్మకు అమెరికా ప్రయాణం ఖాయమైనట్టే. హైదరాబాద్, విజయవాడల్లోనే కాదు, తెనాలి, భీమవరం, కరీంనగర్ లాంటి ఊళ్లలోనూ ఇప్పుడిది మామూలు ముచ్చటే. వీసా చేతికొచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే హడావుడి. ఆవకాయ జాడీలోంచి డబ్బాల్లోకి మారుతుంది. సున్నుండలు, కారప్పొడులు, బాలింత లేహ్యం, పసివాడికి మెత్తటి పాత చీరల పొత్తిగుడ్డలు... పెట్టె బరువు ఎక్కువైందేమోనని పదిసార్లు తూస్తారు. మరి ఆ పెట్టె వెంట వెళ్లే అమ్మ బీపీ ఎంతుందో ఒక్కసారైనా చూస్తున్నారా?

చాలా ఇళ్లలో లేదనే చెప్పాలి. అడిగితే ఆవిడే ‘నాకేం, నిక్షేపంలా ఉన్నాను’ అంటుంది. అక్కడికి వెళ్లాక ఒంట్లో నలతగా ఉన్నా నోరు విప్పదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే అల్లుడికి ఎంత ఖర్చవుతుందోనని భయం, పురిటి మనిషిని చూడ్డానికి వచ్చి తనే మంచమెక్కితే ఎలాగని మొహమాటం. ఇలా దాచుకున్న చిన్న జబ్బే పెద్దదై ఆస్పత్రి మెట్లెక్కిస్తుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు అయ్యేదానికి ఎన్నో రెట్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అసలు జాగ్రత్త విమానంలోనే మొదలవ్వాలి. ఇరవై గంటలకు పైగా సాగే ప్రయాణం. లోపలి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది. గొంతు, కళ్లు పొడిబారతాయి. అయినా మన ఆడవాళ్లు మాటిమాటికీ బాత్‌రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లే తాగరు! మూత్రంలో మంటకు, తలనొప్పికి, నీరసానికి ఇది చేతులారా దారి చూపడమే. నడవ పక్క సీటు అడిగి తీసుకుంటే ఈ ఇబ్బంది సగం తీరుతుంది. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో తేల్చింది. ఆరోగ్యవంతుల్లో ఇది దాదాపు 6000 మందిలో ఒకరికే వస్తుంది కనుక బెంబేలు పడనక్కర్లేదు. గంటకోసారి పాదాలు, మడమలు ఆడించాలి, వీలైనప్పుడల్లా నాలుగడుగులు వేయాలి. దిగిన తర్వాత ఒక కాలే వాచి పిక్క నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ప్రయాణ బడలిక అని సరిపెట్టుకోకూడదు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ఇక మందుల విషయం. రోజూ వేసుకునేవి చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా మాత్ర ఆగకూడదు కదా! ఇన్సులిన్ అయితే సామాన్ల గదిలో గడ్డకట్టి పాడైపోవచ్చు. మందులను విడదీసి పొట్లాలు కట్టకుండా వాటి అట్టలతోనే, డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్లాలి. ఆ చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించుకోవాలి. మనం పారాసెటమాల్ అనేదాన్ని అక్కడ అసెటమినోఫెన్ అంటారు. ఇక్కడిలా వీధి చివర షాపుకెళ్లి ‘రెండు యాంటీబయాటిక్ ఇవ్వు బాబూ’ అంటే అక్కడ కుదరదు. పైగా మీరుండేది ఆరు నెలలైనా, అమెరికా నిబంధన ప్రకారం సాధారణంగా 90 రోజులకు మించి మందులు తీసుకెళ్లకూడదు. మిగతా నెలలకు ఏం చేయాలో బయల్దేరకముందే పిల్లలతో మాట్లాడుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. పడమటికి వెళ్లేకొద్దీ రోజు సాగుతుంది కనుక మందుల వేళలు మారతాయి. ఏ పూట ఎంత వేసుకోవాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోవడం మంచిది.

టీకాలు పిల్లలకే అనుకుంటాం. కానీ పసికందును ఎత్తుకునే అమ్మమ్మకూ, నానమ్మకూ కోరింత దగ్గు టీకా కావాలి. బిడ్డను ముట్టుకోవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఫ్లూ జోరుగా ఉంటుంది. చలికాలంలో వెళ్లేవాళ్లకు ఆ టీకా కూడా అవసరం. ఇక సబ్బుతో చేతులు కడుక్కోవడం మించిన మందు లేదు.

బీమా ముచ్చట కూడా చెప్పుకోవాలి. చౌకగా వస్తుందని ఏదో ఒకటి కట్టేస్తారు. పాత బీపీ, షుగర్, గుండె జబ్బుల వల్ల వచ్చే ఖర్చును చాలా పాలసీలు ఇవ్వవు, ఇచ్చినా పరిమితంగానే. అలాగని జబ్బు దాచిపెట్టి తీసుకుంటే అవసరమైనప్పుడు చెల్లదు. సంతకానికి ముందే చదవండి, అర్థం కాకపోతే అడగండి.

విదేశమంటే అమెరికా ఒక్కటే కాదు. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే అక్కచెల్లెళ్లున్నారు. వేసవిలో అక్కడ ఎండ 50 డిగ్రీలకు చేరుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగడం, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవడం వాళ్లకు ఎంతో అవసరం. ఇక్కడ మామూలుగా దొరికే కొన్ని దగ్గు మందులు, నొప్పి మాత్రలపై గల్ఫ్ దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయి. చీటీ లేకుండా పట్టుకెళ్తే జబ్బు కన్నా పెద్ద తలనొప్పి!

ఇదంతా అమ్మే చూసుకోవాలంటే కాదు. ఆవిడ అడగదు. అడగాల్సింది కొడుకులు, కూతుళ్లే. టిక్కెట్టు కొన్న రోజునే డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ప్రయాణానికి నెలా నెలన్నర ముందు అయితే పరీక్షలకూ, టీకాలకూ వ్యవధి ఉంటుంది. అక్కడికి చేరాక వారానికోసారైనా ‘అమ్మా, నీకెలా ఉంది?’ అని అడిగి, ‘బాగానే ఉన్నా’ అన్న మాటతో ఆగిపోకుండా బీపీ చూడండి. పచ్చడి డబ్బాలు రెండు తగ్గినా ఫర్వాలేదు. అమ్మ క్షేమంగా వెళ్లి, క్షేమంగా తిరిగి రావాలి. ఏమంటారు?