అరచేతిలో గ్రంథాలయం

మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె... నెల్లూరు తీరంలో వేటకు బయల్దేరే మత్స్యకారుల చేతికి ఇప్పుడు సెల్‌ఫోన్ వచ్చింది. సముద్రంలో చేపలు దొరికే అవకాశమున్న చోట్లేవో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో గుర్తించి తెలుగులో కూడా చెబుతోంది. అయితే ఆ సమాచారం చోటు చూపిస్తుందే తప్ప వల వేయదు. గాలినీ నీటి వాలునూ చూసుకొని వల వేయాల్సింది మత్స్యకారుడే! ఆ పల్లెల్లోని చిన్న చర్చిల్లో సేవ చేసే పాస్టర్ల చేతిలోనూ ఇప్పుడు అదే ఫోన్ ఉంది. వారు దాన్ని ఎలా వాడుతున్నారన్నదే అసలు ప్రశ్న.

ఈ తీరంలో వాక్యపరిచర్యకు పనిముట్ల కొరత కొత్త కాదు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆరంభించాడు. చాలా ఏళ్లు ఫలితాలు కనిపించక ‘ఒంటరి నక్షత్రం’గా పేరుపడిన మిషన్ అది. 1872లో సముద్రతీరాన రామాయపట్నంలో బోధకుల కోసం వేదాంత పాఠశాల వెలిసింది. చదువు ముగించి పల్లెకు వెళ్లిన బోధకుడికి తోడుగా మిగిలేది చాలాసార్లు ఒక బైబిలు, ఒక పాటల పుస్తకం మాత్రమే. గ్రీకు, హెబ్రీ నిఘంటువులు అతనికి అందని ద్రాక్షలే!

ఈనాడు పరిస్థితి మారింది. 2000లో వచ్చిన ఈ-స్వోర్డ్ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ రూపొందించిన స్టెప్ బైబిల్ మూలభాషల పదాలను రూపాయి ఖర్చు లేకుండా చూపిస్తుంది. 2008లో మొదలైన యూవెర్షన్ యాప్‌లో తెలుగు బైబిలు ఉంది. చదువు రాని విశ్వాసులు వాక్యాన్ని వినే సదుపాయమూ వచ్చింది. 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు అనువాదాన్ని ఎవరైనా షరతులు పాటిస్తూ ప్రతులు తీసి పంచుకోవచ్చు. లోటల్లా ఏమిటంటే, వ్యాఖ్యానాల్లో ఎక్కువభాగం ఇంగ్లిషులోనే ఉంది. మన పెద్దలు అను ఫాంట్లలో టైపు చేయించిన ప్రసంగాలు, పాఠాలు యూనికోడ్‌లోకి మారకపోవడంతో వెదికితే దొరకవు. ఆ పని చర్చిల్లోని యువతీయువకులు తలకెత్తుకుంటే అదే గొప్ప పరిచర్య!

అయితే పనిముట్టు పదునుగా ఉంటే సరిపోదు, పట్టుకునే చెయ్యి తెలిసినదై ఉండాలి. యోహాను సువార్త 21వ అధ్యాయంలో యేసుప్రభువు సముద్రతీరాన పేతురును మూడుసార్లు ప్రశ్నించాడు. తెలుగులో అంతటా ‘ప్రేమించు’ అన్న మాటే ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అక్కడ గ్రీకులో అగపావో, ఫిలేయో అనే రెండు క్రియలున్నాయని క్షణంలో చూపిస్తుంది. వెంటనే ‘ఒకటి దైవప్రేమ, మరొకటి తక్కువరకం ప్రేమ’ అని ప్రసంగం అల్లేస్తే ఎలా? అదే సువార్తలో తండ్రి కుమారుణ్ని ప్రేమించడాన్ని 3:35లో మొదటి మాటతోనూ, 5:20లో రెండో మాటతోనూ యోహాను రాశాడు. తండ్రి ప్రేమ అక్కడ తగ్గిందనగలమా? యంత్రం మాటను చూపిస్తుంది, దాని అర్థాన్ని సందర్భంలో వెదకాల్సింది సేవకుడే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ప్రమాదం మరింత పెరిగింది. ‘ఆదివారానికి ప్రసంగం రాసిపెట్టు’ అంటే నిమిషంలో రాసి ఇస్తుంది. కానీ లేని పుస్తకాన్ని ఉన్నట్టుగా, ఎవరూ అనని మాటను అన్నట్టుగా అంతే ధీమాగా చెప్పడం ఇలాంటి యంత్రాలకున్న పెద్ద లోపం. వేటకెళ్లి తిరిగిరాని కొడుకు కోసం ఏడ్చే తల్లికి పాస్టరు చెప్పే వచనం బైబిలులో లేనిదైతే ఆ పాపం ఎవరిది? పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్న బెరయ విశ్వాసులు మనకు మాదిరి. మరో మాట. ప్రార్థన కోసమని ఒక కుటుంబం పాస్టరుకు చెప్పుకున్న గుట్టును వాట్సాప్ గ్రూపులో పెట్టడం, యంత్రానికి అప్పగించడం నమ్మకద్రోహమే.

ఒకే ప్రతి మీద ఆధారపడటమూ తెలివి కాదు. 1812లో సేరంపూరు ముద్రణాలయం తగలబడినప్పుడు విలియం కేరీ ఏళ్ల తరబడి చేసిన రాతప్రతులెన్నో బూడిదయ్యాయి. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర రైలు మార్గమే కొట్టుకుపోయింది. అలాంటి రోజున ఛార్జింగ్ లేని ఫోన్‌లోని బైబిలు తెరుచుకోదు. కాబట్టి ఫోన్‌లోని పాఠాలకు మరోచోట నకలుండాలి, చేతిలో అచ్చు బైబిలుండాలి, హృదయంలో కంఠతా వాక్యముండాలి.

చెరసాలలోని పౌలు తన పుస్తకాలు, చర్మపు కాగితాలు తెమ్మని తిమోతికి రాశాడు. అంటే చదువుకునే పనిముట్లు సేవకుడికి అవసరమే! అయితే ఆ అధ్యాయంలో ఆయన మొదట అడిగింది పుస్తకాలను కాదు, త్వరగా తన దగ్గరికి రమ్మని తిమోతినే! ఆ సముద్రతీరాన ప్రభువు కూడా పేతురును ప్రశ్నించేముందు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, శిష్యులకు భోజనం పెట్టాడు. ఫోన్ పాస్టరుకు గంటల కొద్దీ సమయం మిగిలిస్తోంది. ఆ మిగిలిన సమయం మరో వీడియోకు పోతోందా, లేక కన్నీళ్లతో ఉన్న ఇంటి గడప దగ్గరికి వెళ్తోందా? డిజిటల్ పరిచర్య విలువను తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే!